పెండ్లి సౌండ్ పెట్టెలో మాడ్ ఫైళ్లు: ప్రాజెక్టు డైరీ

మా బావది దేవరకొండలో సౌండ్ సిస్టమ్ దుకాణం. పెండ్లిళ్లకు, జాతరలకు, బడి వార్షికోత్సవాలకు బాక్సులు పంపిస్తాడు. పాటలు ఫోన్‌తో పెడితే సరిగ్గా తలంబ్రాల వేళకు లోన్ కావాలా అనే కాల్ వచ్చి స్పీకర్లలో మోగుతుంది. ఫోన్ అక్కర్లేని, మూడు బటన్లే ఉండే ప్లేయర్ కావాలన్నాడు. నా అవసరం ఇంకొకటి. పాత హార్డ్ డిస్క్‌లో పోగేసుకున్న ట్రాకర్ ఫైళ్లు కూడా అందులోనే మోగాలి.

ట్రాకర్ సంగతి తెలియనివాళ్లకు నాలుగు మాటలు. 1987లో కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అమిగా కంప్యూటర్ కోసం అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అనే పాటలు కట్టే ప్రోగ్రాం రాశాడు. అలాంటివాటినే ట్రాకర్లు అంటారు. మాడ్ ఫైలు అక్కడే పుట్టింది. అందులో రికార్డు చేసిన పాట ఉండదు. వాద్యాల చిన్న చిన్న శబ్ద ముక్కలు, అంటే శాంపిళ్లు ఉంటాయి. ఏ ముక్కను ఏ వరుసలో, ఏ శ్రుతిలో కొట్టాలో చెప్పే పట్టిక ఉంటుంది. ఎంపీ3ని ప్లేయర్ విప్పి వినిపిస్తుంది, మాడ్‌ను మాత్రం ప్లేయరే కూర్చుని వాయించాలి. అందుకే ప్లేయర్ మారితే పాట కూడా మారుతుంది. ఈ డైరీలో వచ్చే తలనొప్పుల్లో సగం అక్కడివే.

కమాండ్లు పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో ఆప్షన్ల ముందు రెండు హైఫన్లు పెట్టుకోండి.

దశ 1: సామాను, ఆ తర్వాత నిశ్శబ్దం

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవి, తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్నవి:

1. వాడిన రాస్ప్‌బెర్రీ పై 3బీ (అరచేతిలో పట్టే కంప్యూటర్, కింద ‘పై’ అంటే ఇదే): ₹1,900
2. 32 జీబీ ఎస్‌డీ కార్డు: ₹420
3. పీసీఎం5102 డాక్ బోర్డు (అంకెలను శబ్ద సంకేతంగా మార్చేది): ₹380
4. 5.1 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టర్: ₹650

ఇప్పటిదాకా ఖర్చు: ₹3,350.

పై 3బీకి సొంత హెడ్‌ఫోన్ జాక్ ఉంది కదా, డాక్ ఎందుకంటే: ఆ జాక్‌లో అసలు డాక్ లేదు, పీడబ్ల్యూఎం, అంటే వేగంగా ఆన్ ఆఫ్ అయ్యే పల్సులతోనే శబ్దం తయారవుతుంది. ఇంట్లో హెడ్‌ఫోన్‌తో వింటే పెద్దగా తెలియదు. బావ దగ్గర ఉన్న ఆంప్లిఫయర్‌కు కలిపి, పాట లేకుండా వాల్యూమ్ పెంచితే బాక్సుల్లోంచి బుస్సుమని ఒకటే పొంగు. పాట ఆపి, ఆ ఖాళీ శబ్దాన్ని ల్యాప్‌టాప్ లైన్-ఇన్‌లో రికార్డు చేసి చూస్తే సొంత జాక్‌కు −58 డెసిబెల్స్, డాక్ బోర్డుకు −84 వచ్చింది. ₹380కి 26 డెసిబెల్స్ లాభం. దీని మీద ఇంక చర్చ లేదు.

వైర్లు ఇలా:

1. పై 2వ పిన్ (5 వోల్టులు) నుంచి బోర్డు వీఐఎన్‌కు
2. 6వ పిన్ (గ్రౌండ్) నుంచి జీఎన్‌డీకి
3. 12వ పిన్ (జీపీఐఓ 18) నుంచి బీసీకేకు
4. 35వ పిన్ (జీపీఐఓ 19) నుంచి ఎల్‌సీకేకు
5. 40వ పిన్ (జీపీఐఓ 21) నుంచి డీఐఎన్‌కు
6. బోర్డు మీది ఎస్‌సీకేను అక్కడికక్కడే గ్రౌండ్‌కు అతికించాలి

బూట్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ ఫైలు తెరిచి ‘డీటీఓవర్‌లే’ దగ్గర ‘హైఫైబెర్రీ-డాక్’ అని, ‘డీటీపారామ్’ దగ్గర ఆడియో ఆఫ్ అని పెట్టాలి. రీబూట్ చేసి, సౌండ్ కార్డుల జాబితా చూపే ‘ఏప్లే’ కమాండ్‌కు ఒక్క హైఫన్‌తో ఎల్ ఇస్తే కార్డు కనిపించింది. పాట పెడితే సెకన్లు నడుస్తున్నాయి. స్పీకర్‌లో మాత్రం ఏమీ లేదు.

ఇక్కడ చాలామంది డ్రైవర్లను తవ్వుతూ కూర్చుంటారు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఐ2ఎస్‌లో, అంటే బోర్డుకు శబ్దం పంపే ఆ వైర్లలో, సమాచారం ఒకవైపే పోతుంది. అవతల బోర్డు ఉందో లేదో ‘పై’కి తెలియదు. బోర్డు పీకేసినా ‘కార్డు ఉంది’ అనే అంటుంది. కాబట్టి ఏప్లేలో కార్డు కనిపించడం దేనికీ రుజువు కాదు. అసలు లోపం బోర్డు వెనకవైపు ఉంది. అక్కడ హెచ్1ఎల్ నుంచి హెచ్4ఎల్ దాకా నాలుగు సోల్డర్ చుక్కల చోట్లు ఉంటాయి. మూడోది మ్యూట్ పిన్‌ది. అది ‘హెచ్’ వైపు, మిగతా మూడూ ‘ఎల్’ వైపు అతికి ఉండాలి. మాకు వచ్చిన బోర్డులో నాలుగూ ఖాళీ. చుక్క సోల్డర్ పెట్టగానే పాట వచ్చింది. బోర్డు కొనేటప్పుడే తిప్పి చూసుకోండి.

దశ 2: పేరులో మాడ్ ఉన్నంత మాత్రాన

పాటలు వాయించే పనికి ఎంపీడీ (మ్యూజిక్ ప్లేయర్ డెమన్) అనే ప్రోగ్రాం తీసుకున్నాను. తెర అక్కర్లేదు, వెనకాల సర్వీసుగా నడుస్తుంది, 6600 పోర్టు మీద ఏ ఫోన్ నుంచైనా మాట వింటుంది. బటన్లకు ‘ఎంపీసీ’ అనే చిన్న కమాండ్ చాలు. జీపీఐఓ జీరో లైబ్రరీతో ఒక్కో బటన్‌కు ఒక్కో ఎంపీసీ కమాండ్ కట్టాను. 50 మిల్లీసెకన్ల బౌన్స్ టైమ్ పెట్టకపోతే ఒక్క నొక్కుకు రెండు పాటలు దాటేస్తుంది.

డిస్క్‌లోని ఫోల్డర్లన్నీ కాపీ చేసి ఎంపీడీని అప్‌డేట్ చేయమంటే స్కాన్ సగంలో కూర్చుండిపోయింది. లాగ్ చూస్తే ఒక మాడ్ ఫైలు దగ్గర ఆగింది. దాని సైజు 740 ఎంబీ. మాడ్ ఫైలు కేబీల్లో ఉంటుంది, మహా అయితే ఒకటి రెండు ఎంబీలు.

సంగతేమిటంటే, కొన్ని పాత హ్యాండీక్యామ్‌లు కూడా వీడియోను డాట్ మాడ్ అనే పేరుతోనే దాస్తాయి. బావ ఒకప్పుడు పెండ్లి వీడియోలు కూడా తీసేవాడు. ఆ ఫైళ్లన్నీ అదే డిస్క్‌లో ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ చూసి నమ్మితే ఎవరిదో అప్పగింతల వీడియోను డీకోడర్ పాటనుకుని మింగబోతుంది.

జల్లెడ పట్టింది ఇలా:

1. ఫైలు మొదటి 4 బైట్లు 00 00 01 బీఏ అయితే అది ఎంపెగ్ వీడియో. పక్కకు.
2. 1080వ బైటు దగ్గర ‘ఎం.కె.’, ‘ఎం!కె!’, ‘ఎఫ్ఎల్‌టీ4’, ‘6సీహెచ్ఎన్’, ‘8సీహెచ్ఎన్’ లాంటి నాలుగక్షరాల గుర్తు ఉంటే ట్రాకర్ ఫైలు.
3. రెండూ కానివాటిని ట్రాకర్ ఫైళ్లు వాయించే ప్రోగ్రాం ఓపెన్‌ఎంపీటీ123కి ‘ప్రోబ్’ ఆప్షన్‌తో ఇవ్వాలి.

1080 ఎక్కడిదంటే: పాట పేరుకు 20 బైట్లు, 31 శాంపిళ్ల వివరాలకు ఒక్కోదానికి 30 చొప్పున 930, పాట పొడవుకు 1, ఇంకొకటి 1, ఏ ప్యాటర్న్ (64 వరుసల పాట ముక్క) తర్వాత ఏది అనే పట్టికకు 128. మొత్తం 1080. ఆ తర్వాతి 4 బైట్లే గుర్తు. మొదటి సౌండ్‌ట్రాకర్ ఫైళ్లలో 15 శాంపిళ్లే ఉండేవి, వాటికి ఈ గుర్తు ఉండదు. అందుకే మూడో మెట్టు.

లెక్క: డాట్ మాడ్‌తో ముగిసేవి 412. గుర్తు ఉన్నవి 341, వీడియోలు 58, తేలనివి 13. ప్రోబ్ చేస్తే ఆ 13లో 9 పాత 15 శాంపిళ్ల పాటలు, 4 సగం డౌన్‌లోడై ఆగిన చెత్త.

అయినా నాకు బాగా గుర్తున్న కొన్ని పాటలు జాబితాలో లేవు. అమిగా వాళ్ల అలవాటు వేరు, ‘మాడ్’ అనే మాటను పేరుకు వెనక కాక ముందు పెడతారు. ఎంపీడీ పేరు తోక చూసి గుర్తుపడుతుంది కాబట్టి ఇవి దానికి కనిపించవు. అలాంటివి 127 దొరికాయి, పేర్లు తిప్పి రాశాను.

ఇప్పటిదాకా ఫైళ్లు (మాడ్ కానివి వేరే ట్రాకర్ల ఫార్మాట్లు): మాడ్ 477, ఎక్స్ఎం 96, ఎస్3ఎం 61, ఐటీ 44. మొత్తం 678, అన్నీ కలిపి సుమారు 190 ఎంబీ. బావ ఎంపీ3లు 6 జీబీ దాటాయి.

దశ 3: వాయించేవాడు ఎవడు

ఎంపీడీని వర్షన్ అడిగితే తన దగ్గరున్న డీకోడర్ల పట్టిక ఇస్తుంది, ఏది ఏ ఎక్స్‌టెన్షన్ చూసుకుంటుందో కూడా చెబుతుంది. ట్రాకర్ ఫైళ్లకు అందులో మాడ్‌ప్లగ్ ఉండవచ్చు, ఓపెన్‌ఎంపీటీ ఉండవచ్చు. రెండింటి మూలం ఒకటే: ఒలివియే లాపిక్ రాసిన మాడ్‌ప్లగ్ ట్రాకర్. లిబ్‌మాడ్‌ప్లగ్ ఆ పాత కోడ్ నుంచి విడిపోయింది. ఆ ట్రాకర్‌నే ఓపెన్‌ఎంపీటీగా కొనసాగిస్తున్నవాళ్లు దిద్దుకుంటూ వస్తున్నది లిబ్‌ఓపెన్‌ఎంపీటీ.

రెండింటితో 678 ఫైళ్లనూ వేవ్‌గా తీయించి నిడివి పోల్చాను. 31 ఫైళ్లలో తేడా ఒక సెకను దాటింది. వాటిని ఒక్కొక్కటే విన్నాను. చాలావరకు ఈ6 అనే ప్యాటర్న్ లూప్ ఎఫెక్ట్ (వరుసలో రాసే ఆదేశం), ఈఈ అనే ప్యాటర్న్ డిలే వాడిన పాటలు. ఒక ప్లేయర్ నాలుగుసార్లు తిప్పేచోట ఇంకొకటి ముందుకు పోతుంది. కొన్నింట్లో వేగమే వేరు. ఎఫ్ ఎఫెక్ట్‌లో విలువ హెక్స్ (పదహారు ఆధారపు లెక్క) 20, అంటే 32 కంటే తక్కువైతే వరుసకు ఎన్ని టిక్కులో (కాలాన్ని కొలిచే చిన్న ముక్కలు) చెప్పినట్టు, ఆ పైన అయితే బీపీఎం (పాట వేగం) చెప్పినట్టు. ఈ రివాజు రాకముందు చేసిన పాటల్లో పెద్ద విలువ ఇచ్చినా అది టిక్కులే. పాత పాట ఏ రివాజుదో ఫైల్లో రాసి ఉండదు, ప్లేయర్ ఊహించుకోవాలి. ఓపెన్‌ఎంపీటీ ఊహ ఎక్కువసార్లు నిలబడింది. అదే తీసుకున్నాను. ‘టాప్’ కమాండ్‌లో చూస్తే పై 3బీ మీద నాలుగు చానళ్ల మాడ్‌కు 4 నుంచి 6 శాతం సీపీయూ.

మీ ఎంపీడీలో ఓపెన్‌ఎంపీటీ డీకోడర్ లేకపోతే కొత్త వర్షన్ వేసుకోండి. మాడ్‌ప్లగ్‌తో కూడా బండి నడుస్తుంది కానీ పైన చెప్పిన రకం పాటల దగ్గర తేడా కొడుతుంది.

ఇంటర్‌పొలేషన్ దగ్గర మాత్రం నాకూ బావకూ కుదరలేదు. 8-బిట్ శాంపిల్‌ను సాగదీసి వాయించేటప్పుడు మధ్య చుక్కలను ఎలా నింపాలన్నది ఈ సెట్టింగ్. 1 పెడితే నింపదు, గరుకుగా ఉంటుంది. 8 పెడితే నున్నగా ఉంటుంది. నాకు 8 కావాలి. బావ రెండూ విని, “ఆ గరగర ఉన్నదే పెట్టు బామ్మర్ది, బయట జనంల అదే కోసుకొని పోతది” అన్నాడు. చివరకు అమిగా ఎమ్యులేషన్ ఆన్ చేశాను. అది అమిగా మాడ్‌లకే పనిచేస్తుంది, అసలు యంత్రం ఎలా గరగరలాడేదో అలాగే. మిగతా ఫార్మాట్లకు 8. ఇద్దరికీ సగం సగం దక్కింది.

లూప్ సంగతి కూడా ఇక్కడే. చాలా మాడ్‌లు ఆటల కోసం చేసినవి, చివరి వరుసలో బీ ఎఫెక్ట్ పెట్టి మళ్లీ మొదటికి పంపిస్తారు. ఎంపీడీ అక్కడ ఆపేస్తుంది. మంచిదే, లేకపోతే రాత్రంతా అదే పాట. కానీ పాట తుంచేసినట్టు ఆగుతుంది. మరీ వికారంగా ఉన్న పదిపదిహేను పాటలను ఓపెన్‌ఎంపీటీ123కి ‘రిపీట్ 1’, ‘రెండర్’ ఇచ్చి ఫ్లాక్‌గా తీసి, సాక్స్ అనే ఆడియో కమాండ్‌తో చివర ఫేడ్ పెట్టాను.

దశ 4: డప్పును 44 కేబీలో పెట్టడం

ఇది బావ అడగలేదు. నేను ఎక్కువ సేపు కూర్చున్న పని మాత్రం ఇదే. డప్పు దెబ్బలు శాంపిళ్లుగా తీసి, నాలుగు చానళ్ల మాడ్‌లో ఒక దరువు కట్టడం. ట్రాకర్‌గా మిల్కీట్రాకర్, శాంపిళ్లు కోసుకోవడానికి ఆడాసిటీ. రెండూ ఓపెన్ సోర్సే.

మా ఊళ్లో డప్పు కొట్టే పెద్దాయన ఒప్పుకున్నాడు. గోడల ప్రతిధ్వని రాకుండా బావి గడ్డ మీద పెట్టుకున్నాం. నేను ఫోన్ ఆన్ చేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగు బిడ్డా, మంటకు చూపియ్యంది తోలు పలుకది.” ఎండుగడ్డి మంట మీద డప్పును తిప్పుతూ, మధ్యమధ్యలో వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటూ, తనకు సరిపోయిందనుకున్నాకే లేచాడు.

మొదటి రికార్డింగ్ పనికిరాలేదు. ఫోన్ తనంతట తానే గెయిన్ సర్దుతుంది. దెబ్బ పడగానే అణిచేసి, ఆ తర్వాత సన్నగా మిగలాల్సిన మోతను పైకి లాగుతుంది. ప్రతి దెబ్బకూ తోక ఉబ్బింది. ప్రాసెసింగ్ లేని మోడ్ ఇచ్చే రికార్డర్ యాప్ వేసి, ఫోన్‌ను మీటరు దూరంలో పక్కకు పెట్టి మళ్లీ తీశాం. ఈలోపు తోలు చల్లబడింది. ఆడాసిటీ స్పెక్ట్రమ్‌లో కాచిన వెంటనే 190 హెర్ట్జ్ దగ్గర ఉన్న శిఖరం, ఇరవై నిమిషాల తర్వాతి దెబ్బల్లో 172కు దిగింది. ఒకటిన్నర సెమిటోన్ పైమాటే. ఒక పాటలో ఈ రెండూ కలిస్తే రెండు డప్పులు అనిపిస్తుంది. మళ్లీ కాచి, కావలసిన దెబ్బలన్నీ వెంటవెంటనే తీశాం.

శాంపిల్ రేటు ఎంత పెట్టాలి? అమిగా లెక్కలో 35,46,895ను ఒక్కో స్వరానికి ఉండే అంకె అయిన పీరియడ్‌తో భాగిస్తే వాయించే వేగం వస్తుంది. పీరియడ్ 214 అయితే 16,574 హెర్ట్జ్. కుడిచేతి సిర్ర (లావు కర్ర) దెబ్బకు ఇది సరిపోయింది. ఎడమచేతి సిటికెన పుల్లకు సరిపోలేదు. దాని చిటచిట అంతా పైన ఉంటుంది, ఈ రేటులో 8,287 హెర్ట్జ్ పైన అంతా పోతుంది. పుల్లతో కొట్టింది కాస్తా వేలితో తట్టినట్టయింది. అందుకని పుల్ల దెబ్బలకు పీరియడ్ 127, అంటే 27,928 హెర్ట్జ్. ఇది ప్రోట్రాకర్ లెక్కలో ఏ-3 స్వరం, వేరే ట్రాకర్లలో ఆక్టేవ్ అంకె వేరుగా కనిపిస్తుంది.

శాంపిళ్లు, 8-బిట్ మోనో, బైట్లలో:

1. సిర్ర, తెరిచిన దెబ్బ, 0.6 సెకను: 9,944
2. సిర్ర, మూసిన దెబ్బ, 0.3 సెకను: 4,972
3. పుల్ల, నడుమ, 0.25 సెకను: 6,982
4. పుల్ల, అంచు, 0.15 సెకను: 4,190

మొత్తం 26,088. బైట్ల సంఖ్య సరి సంఖ్యే కావాలి, మాడ్‌లో పొడవును రెండేసి బైట్లుగా లెక్కేస్తారు. 8-బిట్‌కు దించేముందు నార్మలైజ్ చేసి, చివర సున్నాకు ఫేడ్ చేయండి. లేకపోతే మోత తోకలో ఇసుక రాలినట్టు వస్తుంది.

తాళం దగ్గర అసలు పేచీ. రికార్డింగ్‌లో దెబ్బకు దెబ్బకు మధ్య సగటున 180 మిల్లీసెకన్లు. దెబ్బకు రెండు వరుసలు అనుకుంటే వరుసకు 90. ట్రాకర్‌లో ఒక టిక్కు అంటే 2,500ను బీపీఎంతో భాగిస్తే వచ్చే మిల్లీసెకన్లు. మామూలుగా 125 బీపీఎం, వరుసకు 6 టిక్కులు, అంటే 120 మిల్లీసెకన్లు. 90 కావాలంటే 166.67 బీపీఎం. పాయింట్లు కుదరవు, 167 పెడితే 89.8 వచ్చింది. చాలు. ఆ 167ను హెక్స్‌లో రాయాలి: మొదటి వరుసలో ఎఫ్ఏ7.

దరువు ఆరు దెబ్బల నడక. మాడ్ ప్యాటర్న్ ఎప్పుడూ 64 వరుసలే, నాలుగు లెక్కల పాటలకు కుదిరే సైజు. 64 వరుసల్లో 32 దెబ్బలు, అంటే ఐదు ఆవృత్తాలు పోను రెండు దెబ్బలు మిగిలిపోతాయి. 48 వరుసలైతే నాలుగు ఆవృత్తాలు సరిగ్గా. కాబట్టి సున్నా నుంచి లెక్కపెట్టి 47వ వరుసలో డీ00 పెట్టి తర్వాతి ప్యాటర్న్‌కు దూకించాలి. డీ తర్వాతి రెండంకెలు దశాంశంలో చదువుతారు, ఎఫ్ తర్వాతివి హెక్స్‌లో. ఎవరు ఎందుకు ఇలా పెట్టారో కానీ, ఈ రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు కళ్లు తిరుగుతాయి.

ఒకే చానల్‌లో వెంటవెంటనే కొడితే రెండో దెబ్బ మొదటిదాని మోతను కోసేస్తుంది. అందుకని సిర్రకు 1, 4 చానళ్లు వంతులవారీగా, పుల్లకు 2, 3.

అన్నీ కుదిరాక పెద్దాయనకు హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను. కాసేపు తల ఊపాడు. “తప్పు కొట్టలేదు గని, మనిషి కొట్టినట్టు లేదు” అన్నాడు. నిజమే, కుట్టు మిషన్ నడిచినట్టు ఉంది. రికార్డింగ్‌లో ఆయన దెబ్బల మధ్య దూరం 170 నుంచి 192 దాకా ఊగుతోంది. ఆరింటిలో నాలుగో దెబ్బ దాదాపు ప్రతిసారీ కాస్త ఆలస్యంగా, తేలికగా పడుతోంది. ఆలస్యానికి ఈడీ1 ఉంది, ఒక టిక్కు అంటే 15 మిల్లీసెకన్లు వెనక్కి. తేలిక చేయడానికి సీ ఎఫెక్ట్ ఉంది. కానీ మాడ్‌లో ఒక గడికి ఒకే ఎఫెక్ట్, వాల్యూమ్‌కు విడిగా కాలమ్ లేదు. రెండూ ఒకే దెబ్బకు కావాలంటే దారి ఒకటే. అదే శాంపిల్‌ను ఐదో నంబరుగా మళ్లీ పెట్టి, దాని సొంత వాల్యూమ్ 64 నుంచి 44కు దించాను. 9,944 బైట్లు ఖర్చు. ఈసారి పెద్దాయన హెడ్‌ఫోన్ తీయకుండా రెండుసార్లు విన్నాడు.

ఫైలు లెక్క: హెడర్ 1,084, ప్యాటర్న్లు 8 (ఒక్కోటి 1,024) కలిపి 8,192, శాంపిళ్లు 36,032. మొత్తం 45,308 బైట్లు, 44 కేబీ చిల్లర. 30 ప్యాటర్న్‌ల వరస, 2 నిమిషాల 9 సెకన్లు. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే సుమారు 20 లక్షల 70 వేల బైట్లు.

మీరు చేసేటట్టయితే మాత్రం ఎక్స్ఎంలో చేయండి. 1994లో ఫాస్ట్‌ట్రాకర్ 2తో వచ్చిన ఆ ఫార్మాట్‌లో ప్యాటర్న్ పొడవు 48 అని నేరుగా పెట్టుకోవచ్చు, వాల్యూమ్ కాలమ్ కూడా ఉంది. ఇందాకటి డీ00, ఐదో శాంపిల్ తిప్పలు రెండూ తప్పుతాయి. నేను మాడ్‌నే పట్టుకున్నది మొండితనం. పాట పేరు తెలుగులో పెడదామనుకోకండి. 20 బైట్లలో యూటీఎఫ్-8 తెలుగు ఆరు కోడ్‌లకు మించి పట్టదు, పట్టినా ప్లేయర్ చెత్తగా చూపిస్తుంది.

దశ 5: ఫంక్షన్ హాలులో

మాకు తెలిసినవాళ్ల హాలు ఖాళీగా ఉన్నరోజు పట్టుకెళ్లాం. రెండు బాక్సుల స్టాకులు స్టేజీకి చెరోవైపు, మధ్య దూరం అరవై అడుగులు. డప్పు పాట పెట్టి హాలులో నడుస్తుంటే ఎడమవైపు సిర్ర మాత్రమే, కుడివైపు పుల్ల మాత్రమే. భోజనాల వరుస కుడివైపు ఉంటుంది. వాళ్లకు డప్పు లేదు, చిటచిటే.

ఇది లోపం కాదు. అమిగాలో 1, 4 చానళ్లు పూర్తిగా ఎడమకు, 2, 3 పూర్తిగా కుడికి పోయేవి. ప్లేయర్ దానికి కట్టుబడి వాయిస్తోంది. ఎంపీడీలో ఓపెన్‌ఎంపీటీ డీకోడర్‌కు ‘స్టీరియో సెపరేషన్’ అని 0 నుంచి 200 దాకా ఇవ్వొచ్చు. హాలుకు 0, అంటే మోనో. ఇంట్లో హెడ్‌ఫోన్‌కు నేను 40 వాడతాను.

తర్వాతిది శబ్దం హెచ్చుతగ్గులు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని ఈబీయూ ఆర్128 కొలతతో చూస్తే బావ ఎంపీ3లు −9, −10 దగ్గర (సున్నాకు దగ్గరైన కొద్దీ గట్టి), మాడ్‌లు −14 నుంచి −19 మధ్య. డప్పు తర్వాత సినిమా పాట వస్తే ముసలివాళ్లు ఉలిక్కిపడతారు. ఎంపీడీలో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేసి చూశాం. డప్పు దెబ్బ పడినప్పుడల్లా మిగతాదంతా కుంగి లేస్తోంది. తీసేశాం. కుదిరింది ఇది:

1. ఎంపీ3లన్నింటికీ ఆర్‌ఎస్‌గెయిన్‌తో రీప్లేగెయిన్ ట్యాగులు (పాటను ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పే గుర్తులు) వేయాలి. దాని గురి −18.
2. ఎంపీడీలో రీప్లేగెయిన్ ‘ట్రాక్’ అని పెట్టాలి.
3. మాడ్‌లకు ట్యాగులు ఉండవు. అలాంటివాటి కోసమే ‘రీప్లేగెయిన్ మిస్సింగ్ ప్రీఆంప్’ ఉంది. −2 దగ్గర నిలిపాను.

మొత్తం శబ్దం తగ్గుతుంది, దాన్ని మిక్సర్‌లో పెంచుకోవాలి. ట్యాగులతో ఎంపీ3ల రొద దిగిపోయింది కాబట్టి పెంచినా ఉలికిపాటు లేదు.

జనరేటర్ ఆన్ చేయగానే గూమని హమ్. పై ఒక సాకెట్‌లో, మిక్సర్ ఇంకో సాకెట్‌లో ఉన్నాయి, గ్రౌండ్ లూప్. ఒకే బోర్డుకు మార్చితే తగ్గింది కానీ పోలేదు. ఆర్‌సీఏ వైర్ల మధ్య గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టాక పోయింది. చౌక ఐసోలేటర్లు బాగా కింది బేస్‌ను కొంచెం తింటాయి. 190 హెర్ట్జ్ డప్పుకు ఫర్వాలేదు, డీజే పాటలకు తెలుస్తుంది.

ఐసోలేటర్ ₹350, మూడు పెద్ద బటన్లు ₹180, రేకు పెట్టె, వైర్లు ₹240. ఇప్పటిదాకా ఖర్చు: ₹4,120.

దశ 6: కరెంటు పోతే

కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు పై ఆగిపోతుంది. ఆగడం పెద్ద విషయం కాదు, నిమిషంలో లేస్తుంది. ఒకసారి లేవలేదు. ఎస్‌డీ కార్డు మీద ఫైల్ సిస్టమ్ పాడైంది. రెండు పనులు చేశాం.

ఒకటి, కరెంటు తెగకుండా. రౌటర్లకు వాడే 12 వోల్టుల మినీ యూపీఎస్ ₹1,250, దాని నుంచి 5 వోల్టులకు దించే 3 ఆంపియర్ల బక్ కన్వర్టర్ ₹150. కన్వర్టర్‌ను ‘పై’కి కలిపేముందు మల్టీమీటర్‌తో 5.1కి తిప్పి పెట్టండి. లోడు పడ్డాక 4.6కు జారితే పై వేగం తగ్గించుకుంటుంది. ‘వీసీజెన్‌కమాండ్’తో త్రాటిల్డ్ విలువ అడిగితే 0x0 రావాలి. మాకు మొదట 0x50005 వచ్చింది: ఓల్టేజీ తక్కువ, ఇప్పుడూ ఉంది, ఇంతకుముందూ జరిగింది అని అర్థం. సన్న వైరు తీసి మందం వైరు వేస్తే సున్నా అయింది. మొదట కొన్న ₹650 అడాప్టర్‌కు ఇక పనిలేదు, మీరు నేరుగా యూపీఎస్‌తో మొదలుపెట్టండి.

రెండు, కార్డు మీద రాతలు ఆపడం. రాస్పీ-కాన్ఫిగ్‌లో పర్ఫార్మెన్స్ కింద ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే రాతలన్నీ ర్యామ్‌లోకి పోతాయి, ఆఫ్ చేయగానే మాయం. ఇక్కడ మెలిక ఉంది. ఎంపీడీ డేటాబేస్ కూడా మాయమవుతుంది. ముందు పాటలన్నీ ఎక్కించి, అప్‌డేట్ పూర్తయ్యాక ఓవర్‌లే ఆన్ చేయాలి. కొత్త పాటలు వేయాలంటే ఆఫ్ చేసి, వేసి, మళ్లీ ఆన్.

మొత్తం ఖర్చు: ₹5,520. అడాప్టర్ తీసేస్తే ₹4,870.

ఇంకా మిగిలినవి

రేకు పెట్టె మూసేసి మధ్యాహ్నం షామియానా కింద పెడితే 71 డిగ్రీలు చూపించింది. 80 దగ్గర పై తనంతట తాను నెమ్మదిస్తుంది. పెట్టె అడుగున, వెనకాల రంధ్రాలు వేయాలి. దుమ్ము కోసం లోపల దోమతెర అతికించాలి. ఫ్యాన్ పెట్టను, మైకు పక్కన అదొక కూత.

బావ పెన్‌డ్రైవ్ గుచ్చగానే పాడాలంటున్నాడు. ఓవర్‌లే ఆన్‌లో ఉన్నా పెన్‌డ్రైవ్‌ను రీడ్-ఓన్లీగా మౌంట్ చేయించి, ఆ ఫోల్డర్ ఒక్కదాన్నే ఎంపీసీ అప్‌డేట్‌కు ఇచ్చే యూడెవ్ రూల్ (పరికరం గుచ్చగానే నడిచే ఆదేశం) సగం రాశాను. పెండ్లివాళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లలో ఏముంటుందో చెప్పలేం కాబట్టి దశ 2లోని జల్లెడను కూడా అందులో కలపాలి. అది అయ్యేదాకా మూడో బటన్‌ను ‘సింగిల్’ మోడ్‌కు కట్టి ఉంచాను. నొక్కితే ఉన్న పాట అయ్యాక ఆగిపోతుంది, సన్నాయి మేళం వాళ్లకు జాగా దొరుకుతుంది.